కొండమిద్దె ట్రాకరు వెంకటముని

బంగారుపాళ్యం దగ్గర హైవే మీద బస్సు దిగి కొండ వైపు ఆరు కిలోమీటర్లు పోతే మామిడి తోటలు అయిపోతాయి, అడవి మొదలవుతుంది. సరిగ్గా ఆ అంచు మీద ఒక పాత సేద్యగాడి ఇల్లుంది. ముప్పై ఏళ్లు పాడుబడి, గబ్బిలాలు కాపురం చేసిన ఇల్లు. చిత్తూరులో రోడ్ల కాంట్రాక్టులు చేసే ధనంజయ దాన్ని కొని, మట్టి గోడలు మళ్లీ లేపించి, సున్నం పూయించి, కార్వేటినగరం వైపు నుంచి పాత స్తంభాలూ దూలాలూ తెప్పించి నిలబెట్టి, కొండమిద్దె అని పేరు పెట్టాడు. పట్నం వాళ్లు శనాదివారాలు వచ్చి, రాగిసంగటి తిని, గోడలకు ఆనుకుని ఫోటోలు దిగి పోతుంటారు.

ఆ ఇంటికి వెంకటముని ట్రాకరు. అంటే అడవిలో జంతువుల జాడ తీసి వచ్చినవాళ్లకు చూపించేవాడు. పచ్చ చొక్కా, నెత్తిన టోపీ, మెడలో బైనాక్యులర్. కొండమిద్దె వెబ్‌సైటులో అతని ఫోటో కింద 'ముప్పై ఏళ్ల అడవి అనుభవం' అని రాసి ఉంటుంది.

అబద్ధం. వెంకటమునికి ఉన్న అనుభవమంతా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలోది.

ఇరవై నాలుగు సీజన్లు కోత సెక్షన్లో నిలబడి తోతాపురి కాయలు కోశాడు. యాభై రెండో ఏట కొత్త మిషను దిగింది, సెక్షన్ మొత్తాన్ని ఇంటికి పంపేశారు. రెండు నెలలు ఊరికే తిరిగి, ఎవరో చెబితే ధనంజయ దగ్గరికి పోయాడు. ధనంజయ అడిగింది ఒక్కటే ప్రశ్న, "అడవి తెలుసా?" అని. పని అడగడానికి పోయినవాడు తెలీదంటాడా? తెలుసు సార్ అన్నాడు. మరుసటి వారం పచ్చ చొక్కా చేతికొచ్చింది.

ఆ చొక్కా చూసి అతని భార్య ఆనందమ్మ పడీపడీ నవ్వింది.

"ఇంట్లో జెర్రి కనపడితే మంచమెక్కేవాడివి. నువ్వు ఏనుగుల జాడ తీస్తావా?"

"వచ్చేవాళ్లు మాత్రం ఏమన్నా సూసినారా పెట్టినారా. నేను ఏనుగు పేడంటే ఏనుగు పేడే."

"ఏనుగే వస్తే?"

"వచ్చినప్పుడు సూద్దాంలే."

నవ్వుతూ అన్నాడు గానీ, ఏనుగులంటే అతనికి ఎంత భయమో ఆనందమ్మకు కూడా పూర్తిగా తెలీదు. ఆరేళ్ల కిందట అతని ఊరి పక్కగా గుంపు పోయింది. ఊరంతా బడి మిద్దె ఎక్కి కూర్చుంది. అందరూ తొంగి చూస్తుంటే వెంకటముని మాత్రం నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. అతను ఏనుగును చూడలేదు. చప్పుడు విన్నాడు. చెరకు తోట మొత్తాన్ని ఎవరో ఒక్క దవడతో నములుతున్నట్టు చప్పుడు. అది అతనికి ఇప్పటికీ అప్పుడప్పుడు అన్నం తినేటప్పుడు గుర్తొస్తుంది.

అయినా ఎనిమిది నెలలు బండి నడిచింది. అటవీశాఖలో వాచరుగా ఉన్న మునిప్రసాద్ అతనికి చిన్ననాటి స్నేహితుడు. మునిప్రసాద్ లోపలి అడవిలో ఏరి పెట్టిన ఏనుగు పేడను వెంకటముని గోనెసంచిలో మోసుకొచ్చి, శుక్రవారం సాయంత్రం దోవ పొడుగునా అక్కడక్కడా పెట్టేవాడు. శనివారం పొద్దున్నే వచ్చినవాళ్లను తీసుకుపోయి, వంగి, ఒక పుల్లతో కదిపి, "నిన్నటిది" అనేవాడు. వాళ్లు ఊపిరి బిగబట్టి ఫోటోలు తీసుకునేవాళ్లు. అందరూ సంతోషమే.

జూన్ వచ్చింది. ఫ్యాక్టరీలు మూడు షిఫ్టులు తిరిగే కాలం. గుజ్జు తీయగా మిగిలిన తొక్కలు, టెంకలు వెనక కుప్పలు పడి ఉంటాయి, ఎవరైనా ఎత్తుకుపోతే చాలనుకుంటారు. కొండమిద్దె వెనక నాటిన అరటి మొక్కలు ఎర్రబారుతున్నాయని ధనంజయ సణిగితే, వెంకటముని తన పాత పరిచయంతో ట్రాక్టరు గిరికి చెప్పి ఒక లోడు తోలించాడు. స్నానాల గది వెనక గుంత తీయించి అందులో పోయించాడు. కుళ్లితే దీన్ని మించిన ఎరువు లేదు సార్, అన్నాడు. పైన మన్ను కప్పాలి. ఎండకు కొంచెం ఆరనీ అని వదిలేశాడు. ఎండ రాలేదు, వాన పట్టుకుంది.

మూడో రోజుకు వంట చేసే కృపారాణి ముక్కుకు కొంగు కట్టుకుంది. కొండ కింది పల్లెలో చర్చి పక్కనే ఆమె ఇల్లు. నోరు మంచిదే గానీ ఊరికే ఉండదు.

"మునన్నా, ఆ గుంత మూయవా? కల్లు అంగట్లో కూర్సోని కూర కలబెడతా ఉన్నట్టుండాది నాకు."

"ఏం వాసన? నాకేం రాలేదే."

"నీ ముక్కు ఎవురికన్నా దానమిచ్చేసినావా ఏంది?"

నిజంగానే అతనికి రాదు. కోత సెక్షన్లో ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లకు మామిడి వాసన తెలీదు, ఉప్పు కయ్యల్లో పనిచేసేవాడికి చెమట ఉప్పగా ఉందని తెలీనట్టు. అతను ఇంటికి వస్తే ఆనందమ్మ చొక్కాను రెండు వేళ్లతో పట్టుకుని దూరంగా వేసేది. అతనికి అది ఉతికిన చొక్కాలాగే ఉండేది. అందుకే కృపారాణి ఊరికే రభస చేస్తోందనుకున్నాడు.

ఆ శుక్రవారం సాయంత్రం తిరుపతి నుంచి పునీత్, మహిత వచ్చారు. పెళ్లయి ఏడాది కాలేదు. అతను బ్యాంకులో ఉద్యోగం, ఆమె ఇంగ్లీషు టీచరు. కారు దిగుతూనే మహిత కళ్లు మూసుకుని గాలి పీల్చింది.

"మామిడిపండ్ల వాసన ఎంత బాగుందో."

"ఇది వాసన కాదు, సారా పీపా," అన్నాడు పునీత్. "ఇంకో గంట నిలబడితే తూలి పడతాం."

వెంకటముని ఏదో ఒకటి అనేసి నవ్వాడు.

రాత్రి భోజనాల దగ్గర పునీత్ అడగనే అడిగాడు, ఏనుగును దగ్గరగా చూశారా అని. వచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. వెంకటముని దగ్గర దీనికి అరిగిపోయిన కథ ఒకటుంది.

"ముప్పై అడుగుల్లో నిలబడినా సార్. అదీ నన్ను సూసె, నేనూ దాన్ని సూస్తి."

"తర్వాత?"

"ఒగ లక్ష్మీ బాంబు ముట్టించినా. తోక ముడుసుకోని పరిగెత్తింది. ఏనుగు సూసేదానికే పెద్దది సార్, గుండె మాత్రం కోడిపిల్లది." లేచి వెళ్లి గోడ అలమర తెరిచి టపాకాయల డబ్బా కూడా చూపించాడు. "ఇది ఈడ ఉన్నంత కాలం మీకేం భయం లేదు."

వంటింట్లో కృపారాణికి పొరబోయింది. చాలాసేపు దగ్గింది.

మర్నాడు పొద్దున్నే కాణిపాకం పోయి మొదటి దర్శనం చేసుకోవాలని మహిత ముందే చెప్పింది. అందుకని వెంకటముని ఐదు గంటలకే లేచి స్నానాల గది బయటి పొయ్యిలో కట్టెలు ఎగదోసి, మూతి గది లోపలికి ఉన్న హండాలో నీళ్లు కాగబెట్టాడు. ఆ గది ఇంటికి అంటుకుని లేదు. పాతకాలంలో అలాగే ఉండేదని ధనంజయ దాన్నీ విడిగానే, మట్టి గోడలతోనే కట్టించాడు. ఇంటి వెనక తలుపు తీస్తే బండలు పరిచిన వాకిలి, వాకిలికి అవతల ముప్పై అడుగుల దూరంలో ఎదురుగా ఆ గది తలుపు. దాని ముందు ఒక నీళ్ల తొట్టి. కుడి పక్కన అరటి మొక్కలు, గుంత.

మహిత బట్టలు తీసుకుని లోపలికి పోవడం చూసి, వెంకటముని పాలు తేవడానికి గేటు దాకా పోయాడు. తెల్లవారింది గానీ పొద్దు రాలేదు. సన్నటి తుంపర. కొండ మీది మంచు తోట దాకా దిగి ఉంది. పాలక్యాను పట్టుకుని తిరిగి వస్తుంటే దోవలో కాలికి మెత్తగా తగిలింది. పేడ. తను పెట్టిందే అనుకున్నాడు. నాలుగడుగులు వేశాక ఆగాడు. నిన్న శుక్రవారం వానకు అతను పేడ పెట్టనే లేదు.

వెనక్కి తిరిగి చూశాడు. దాని నుంచి పొగ లేస్తోంది.

ఎనిమిది నెలలుగా గోనెసంచిలో మోసిన పేడ ఒక్కనాడూ పొగలు కక్కలేదు. పక్కకు చూస్తే ఏనుగులు రాకుండా కట్టిన సోలార్ కరెంటు కంచె తీగలు నేలకు కరుచుకుని ఉన్నాయి, వాటి మీద ఒక ఎండు దుంగ. ఎవరో తెచ్చి పెట్టినట్టు, సరిగ్గా అడ్డంగా. దుంగకు ఇవతల బురదలో గుండ్రటి గుంతలు. ఒక్కో గుంతలో అన్నం తట్ట పడుతుంది. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. అన్నీ ఇంటి వైపే పోతున్నాయి.

గేటు వెనక ఉంది, ఇల్లు ముందుంది. గేటు వైపు పరిగెత్తితే హైవేకి పోయే దోవ. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని చెబితే అబద్ధం. కాళ్లు అటు తిరిగాయి కూడా. అప్పుడు నీళ్ల చప్పుడు వినపడింది. స్నానాల గదిలో చెంబుతో పోసుకుంటున్న చప్పుడు. అతను క్యాను అక్కడే పెట్టేసి, ముందు వాకిలి నుంచి ఇంట్లోకి దూరాడు.

వంటింట్లో కృపారాణి కిటికీ పక్కన గోడకు అతుక్కుని నిలబడి ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది. వేలితో చూపించింది.

మొదట అతనికి ఏమీ కనపడలేదు. వాకిట్లో గోడ ఒకటి కొత్తగా లేచినట్టు అనిపించింది. ఆ గోడ కదిలింది. తొట్టి దగ్గర ఒక ఏనుగు, వీపు ఇటు పెట్టి, తొండంతో నీళ్లు లాగి నోట్లో వంచుకుంటోంది. గుంత దగ్గర ఇంకొకటి తొక్కలు చేరలు చేరలుగా ఎత్తి మింగుతోంది. దాని కాళ్ల కింద పిల్ల ఏనుగొకటి టెంకను చీకుతూ ఆడుకుంటోంది. ఎక్కడా అరుపు లేదు. చప్పరింపు, నీళ్ల చప్పుడు, అంతే.

గుంతను చూడగానే వెంకటమునికి అర్థమైంది. ఇవి దారి తప్పి రాలేదు. తను పిలిస్తే వచ్చాయి. ఇంటి చుట్టూ ఉన్నవాళ్లందరూ వారం రోజులుగా ముక్కు మూసుకుంటున్నారు, తనకే రాలేదు ఆ వాసన.

"మహితమ్మ?" అన్నాడు.

"లోపలే. పాట పాడుకుంటా ఉండాది," అంది కృపారాణి. "తొట్టి కాడిది తలుపుకు పది అడుగులు లేదు మునన్నా. ఆ పాప నీళ్లు పోసుకోని తలుపు తీస్తే దాని కాళ్లల్లోకే పోతాది."

మునిప్రసాద్‌కు ఫోను చేశాడు. నాలుగోసారి ఎత్తాడు.

"పిల్ల ఏనుగుండాదా?" మునిప్రసాద్ అడిగిన మొదటి మాట అది.

"ఉండాది."

"అట్లయితే ఏమీ సేయొద్దు. అరవొద్దు, టపాకాయలు ముట్టియ్యొద్దు. పిల్ల బెదిరితే ఎట్లబడితే అట్ల పరిగెత్తుతాది, తల్లి దాని ఎనకాల గోడలు తోసుకోని పోతాది. ఆమె ఉండే గది ఏం గోడ?"

"మట్టి గోడ."

మునిప్రసాద్ గొంతు దించాడు.

"లోపలుండే ఆమెను గమ్మునుండమను. గడియ తీయొద్దని చెప్పు. తిన్నంత తిని పోతాయి. నేనొచ్చేదానికి ముప్పావుగంట పడతాది."

"ఎట్లప్పా చెప్పేది? మధ్యలో అది నిలబడి ఉండాది."

"ట్రాకరువి నువ్వు కదా," అని పెట్టేశాడు మునిప్రసాద్.

వెంకటముని తిరిగేసరికి వెనక పునీత్ ఉన్నాడు. ముఖంలో నెత్తురు లేదు. ఒక చేతిలో లక్ష్మీ బాంబు, ఇంకో చేతిలో అగ్గిపెట్టె. వెనక తలుపు గడియ మీద చెయ్యి వేయబోతున్నాడు.

"వద్దు సార్."

"ఏంది వద్దు? రాత్రి నువ్వే కదా చెప్పినావు. ఒక్కటి ముట్టిస్తే పరిగెత్తుతుందని."

"పిల్ల ఏనుగుండాది సార్. బెదిరితే ఆ గదిని తోసేస్తాయి."

"నువ్వు ముప్పై అడుగుల్లో నిలబడి పేల్చినావు కదా. ఏం కాలేదు కదా."

వెంకటముని అతని మణికట్టు పట్టుకున్నాడు. ఇంక దాచడానికి టైము లేదు.

"అబద్ధం సార్," అన్నాడు. "నేను ఎప్పుడూ యాడా నిలబడలా. నేను ట్రాకర్ను కాదు. మామిడి ఫ్యాక్టరీలో కాయలు కోసేవాణ్ని. ఏనుగును ఇంత దగ్గర్లో సూసేది ఇదే మొదటిసారి. బాంబు సంగతి రాత్రి ఊరికే చెప్పినా."

పునీత్ నమ్మలేదు. కృపారాణి వైపు చూశాడు.

"నిజమే సార్," అంది ఆమె. "ఆయనకు ఎద్దన్నా భయమే."

పునీత్ అగ్గిపెట్టెను నేల మీద పడేశాడు. "నా పెండ్లాం ఆడుందిరా," అన్నాడు. "ఫోను గదిలో పెట్టి పోయింది. ఎవురు చెప్తారు ఆమెకు? నేను పోతా."

"మీకు దోవ తెలీదు సార్. పక్క తలుపు నుంచి పోయి, కట్టెల పేర్పు ఎనకాల దూరి, గోడ వారన పోతే ఆ గది ఎడమ పక్కకు చేరొచ్చు. ఆడ వెంటిలేటరుండాది. ఆ కట్టెలు పేర్చింది నేనే. యాడ కాలు పెడితే కదుల్తాయో నాకే తెలుసు."

ఎనిమిది నెలల్లో కొండమిద్దెకు వచ్చినవాళ్లతో అతను చెప్పిన మొదటి నిజమైన దోవ అది. చెప్పాడు గానీ కదల్లేదు. అంతలో స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగింది.

అతను బయటికి పోయాడు.

కట్టెల పేర్పుకూ ఎడమ పక్క ప్రహరీ గోడకూ మధ్య ఒక మనిషి పాకుతూ పట్టేంత సందు. అందులో మోచేతుల మీద పాకుతూ పోయాడు. తుంపరకు కట్టెలు జారుతున్నాయి. కాణిపాకం వినాయకుడికి మొక్కుకుందామని నోరు తెరిచాడు, ఆ తొండం, ఆ చెవులు కళ్ల ముందుకొచ్చేసరికి మొక్కు గొంతులోనే ఉండిపోయింది. ఏనుగు కడుపులో నుంచి గుడగుడమని ఒక చప్పుడు వస్తోంది. అది చెవితో వినే చప్పుడు కాదు. నేల మీద ఆన్చిన పొట్టకు తెలుస్తోంది.

గోడ దగ్గరికి చేరి, పైకి లేచి వెంటిలేటరు అందుకున్నాడు. తల ఎత్తున అడుగు కిటికీ, అడ్డంగా చెక్క పట్టీలు. లోపల గాజుల చప్పుడు, తడి చెప్పుల చప్పుడు, తలుపు వైపు పోతున్నాయి. పట్టీల మధ్య నుంచి నాలుగు వేళ్లు లోపలికి దూర్చి, "అమ్మా," అన్నాడు గాలితో.

చెప్పుల చప్పుడు ఆగింది.

స్నానాల గది వెంటిలేటరులో మగవాడి వేళ్లు కనపడితే ఏ ఆడమనిషైనా ఏం చేస్తుందో మహిత అదే చేసింది. హండాలో మిగిలిన నీళ్లను చెంబుతో ముంచి ఆ వేళ్ల మీద కొట్టింది.

సలసల కాగిన నీళ్లు. వెంకటముని కళ్లల్లో మెరుపులు మెరిశాయి. నోరు తెరుచుకుంది. తెరిచిన నోటికి రెండో చేతిని అడ్డం పెట్టి కొరుక్కున్నాడు. వేళ్లు మాత్రం తీయలేదు. తీస్తే ఆమె బయటికి వచ్చేస్తుంది.

"ఎవుర్రా అది?" అంది మహిత గట్టిగానే.

తొట్టి దగ్గర నీళ్లు లాగే చప్పుడు ఆగిపోయింది. గుంత దగ్గర నమిలే చప్పుడు ఆగిపోయింది. కొండ మొత్తం చెవి ఒగ్గినట్టైంది.

"ఏనుగమ్మా," అన్నాడు వెంకటముని. పెదాలే కదిలాయి. "తలుపు సందులో సూడు. గడియ తీయబాకు."

లోపల రెండడుగులు. తర్వాత బొబ్బలెక్కుతున్న అతని వేళ్లను ఒక చల్లటి చెయ్యి వచ్చి పట్టుకుంది. మంటతో అతని ప్రాణం లేచిపోయింది, అయినా ఆ పట్టు విడిపించుకోలేదు.

చప్పరింపులు మళ్లీ మొదలయ్యాయి. వెంకటమునికి కొంచెం ఊపిరి ఆడింది. ఆడిన ఊపిరి మధ్యలోనే నిలిచిపోయింది, ఎందుకంటే గది మూల తిరిగి పిల్ల ఏనుగు ఇటు వచ్చింది.

బర్రె దూడంత ఉంది. నెత్తి మీద ఎర్రటి వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. అతన్ని చూసి ఆగింది. చెవులు విప్పింది. పొట్టి తొండాన్ని చాచి అతని మోకాలిని తాకింది, తర్వాత పచ్చ చొక్కాను, తర్వాత పొట్టను. మెత్తగా, తడిగా, వేడిగా. అది ముద్దుగా ఉందో లేదో అతనికి తెలీదు. దాని వెనక తల్లి వస్తుందన్నదే అతనికి తెలుసు. కళ్లు మూసుకున్నాడు. మట్టి గోడలో కలిసిపోతే బాగుండుననిపించింది.

అడుగుల చప్పుడు వినపడలేదు. మీద పడుతున్న తుంపర ఆగిపోయింది. కళ్లు తెరిస్తే పైన ఆకాశం లేదు, తల్లి ఏనుగు తల ఉంది. చిన్న కన్ను, దాని చుట్టూ ముడతలు, రెప్ప మీద మన్ను. ఆ కన్ను అతన్ని చూసింది. ఎంతసేపో అతను ఇప్పటికీ చెప్పలేడు. తొండం అతని తల మీదుగా పోయి గది కప్పు పెంకును తడిమింది. ఒక పెంకు జారి లోపల పడి పగిలింది. మహిత అరవలేదు. ఆమె గోళ్లు అతని వేళ్లల్లో దిగాయి.

తల్లి కడుపులోనే ఏదో అంది. పిల్ల అతని చొక్కా వదిలేసి దాని కాళ్ల మధ్యకు దూరింది. రెండూ తిరిగి గుంత వైపు పోయాయి.

ఆ తర్వాత ఇంకో అరగంట తిన్నాయి. అంతసేపూ అతను ఆ గోడకే ఉన్నాడు. పొద్దు కొండ మీదికి వచ్చేసరికి, నాలుగు అరటి చెట్లను నోట కరుచుకుని, దుంగ మీదుగా కంచె దాటి, అడవిలోకి పోయాయి. చెట్లు మూసుకున్నాయి. అంత పెద్దవి అంత తొందరగా ఎట్లా మాయమవుతాయో.

మహిత తలుపు తీసుకుని వచ్చి వాకిట్లోనే కూలబడింది. పునీత్ పరిగెత్తుకొచ్చి ఆమెను పట్టుకున్నాడు. తర్వాత లేచి వెంకటముని దగ్గరికి వచ్చి కొట్టడానికి చెయ్యెత్తాడు. బొబ్బలెక్కిన ఆ వేళ్లు చూసి దించేశాడు.

"నిజంగానే ఎప్పుడూ చూడలేదంట కదా," అంది మహిత, కృపారాణి అతని చేతికి కలబంద రాస్తుంటే.

"లేదమ్మా."

"మరి అక్కడికి ఎట్లా వచ్చినావన్నా?"

"నువ్వు గడియ తీస్తా ఉంటివి కదమ్మా," అన్నాడు.

మునిప్రసాద్ వచ్చాడు. పాదాల గుర్తులు చూసి, గుంత దగ్గర నిలబడి, "దీన్ని ఎవురు పోయించినారు?" అన్నాడు.

"నేనే."

"ఇస్తరాకేసి భోజనానికి పిలిసినట్టుండాది. రుసి మరిగినాయి. మళ్లా వస్తాయి. ఈ పొద్దే మూసి సున్నం సల్లు. ఇంగ ఒగ్గ టెంక గూడా ఈ పక్కకు తేవద్దు."

మధ్యాహ్నానికి తిరుపతి కారు వెళ్లిపోయింది. కృపారాణి ఒక పార, ఒంటి చేత్తో వెంకటముని ఒక పార పట్టుకుని గుంతను పూడుస్తుంటే, సంగతి తెలిసి ధనంజయ ఫోను చేశాడు.

"ఫోటోలు తీసినారా ఎవురన్నా?"

"లేదు సార్."

"అయ్యో. సరే, గుంత మూయబాక. సోమవారం ఇంకో లోడు తోలమని గిరికి చెప్పేసినా. పక్కన మంచె కడదాం, దాని మీద కూర్సోబెట్టి సూపిద్దాం. జనం విరగబడి వస్తారు."

"వద్దు సార్. మనవి మట్టి గోడలు. పొద్దన ఆ పాప బతికిందే అదృష్టం."

"నువ్వుండావు కదప్పా. ట్రాకరువి."

"నేను ట్రాకర్ను కాదు సార్. నాకు అడవి తెల్దు."

ధనంజయ నవ్వాడు. "అది నాకు తెలీదనుకున్నావా? మునిప్రసాద్ మొదట్లోనే చెప్పినాడు. నిన్ను అడవిలోకి పొమ్మని ఎవురన్నారు. చొక్కా వేసుకోని నిలబడు, అంతే."

వెంకటముని ఫోను జేబులో పెట్టుకుని మళ్లీ పార అందుకున్నాడు. చీకటి పడేలోగా గుంతను మూసి, సున్నం చల్లి, తొక్కారు. ఆ రెండు రోజులూ అతను ఇంటికి పోలేదు, నిద్రా పోలేదు. ఆకు కదిలినా లేచి కూర్చున్నాడు.

సోమవారం పొద్దున ట్రాక్టరు చప్పుడు వినపడగానే గేటు దాటి దోవలోకి పోయి, నడి మధ్యన కూర్చున్నాడు. గిరి బ్రేకు తొక్కి తల బయటికి పెట్టాడు.

"ఏంది మామా, ఆడ కూర్సున్నావు?"

"వెనక్కి తిప్పుకో."

"ధనంజయసారే రమ్మన్నాడు కదబ్బా."

"నేను వద్దంటా ఉండా."

"నువ్వు వద్దనేదానికి నువ్వేమన్నా ఓనరా? నీ పని పోతాది చూసుకో." గిరి నవ్వుతూ హారన్ కొట్టాడు. ఆ శబ్దానికి వెంకటముని ఒళ్లంతా ఎగిరిపడింది, చూపు అడవి వైపు పోయింది. అది చూసి గిరి నవ్వు ఆపేశాడు.

"ఆ గదిలో వచ్చేవారం ఎవురుంటారో నాకు తెల్దు గిరీ," అన్నాడు వెంకటముని. "ఎవురో ఒగరు ఉంటారు."

గిరి అతన్నీ, కొండనూ చూశాడు. గేరు మార్చాడు. ఇరుకు దోవలో ట్రాలీని తిప్పుకునేసరికి అరగంట పట్టింది. ట్రాలీ అడుగు నుంచి రసం ధారగా కారి, వచ్చిన దోవంతా పసుపచ్చటి చారలు పడ్డాయి. వెంకటముని గేటు దగ్గరున్న పార తెచ్చుకుని, ట్రాక్టరు వెనకే పోతూ, ఒక్కో చార మీదా మన్ను వేస్తూ పోయాడు. జేబులో ఫోను మోగుతోంది. ధనంజయే అయ్యుంటాడు. పదడుగులకోసారి ఆగి, తల తిప్పి అడవిని చూసి, మళ్లీ మన్ను వేశాడు.